అరంగుళం టైలరు, అరువు రక్తం

మా ఆయన్ని వీధివీధంతా అరంగుళం అని పిలుస్తుంది. పొట్టివాడని కాదు. గుమ్మం దాటేటప్పుడు తల వంచకపోతే బొప్పి కట్టే మనిషే. ముప్పై ఆరేళ్లుగా బట్టలు కుడుతున్నాడు కానీ ఏ ఒక్కరికీ అచ్చం కొలతకి కుట్టిన పాపాన పోలేదు. నడుము ముప్పై నాలుగుంటే ముప్పై నాలుగున్నర కుడతాడు. చెయ్యి ఇరవై మూడుంటే ఇరవై మూడున్నర. ఇదేమిటయ్యా అని ఎవరైనా అడిగితే, "ఉండనీండి సార్, మనిషన్నాక కూర్చుంటాడు, వంగుతాడు, నవ్వుతాడు. ఆ అరంగుళం ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అంటాడు. పెళ్లికొడుకు కోటుకీ అదే, బ్యాంకు ప్యూను యూనిఫారానికీ అదే.

నేను ఆ షాపులోనే కాజాలు కుడతాను, గుండీలు పెడతాను, అంచులు మడుస్తాను, కస్టమర్లని కసురుతాను. చివరిది ఎవరూ చెప్పకుండానే చేస్తాను.

షాపంటే ఒక్క గది. రెండు మిషన్లు, వెనక తలుపు పక్కన ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా కడ్డీకి వేలాడే బట్టలు. ప్రతి బట్టకీ గుండుసూదితో గుచ్చిన సగం స్లిప్పు, రెండో సగం కస్టమరు దగ్గర. స్లిప్పు తెచ్చినవాడికి బట్టలిచ్చేయాలి, మొహం చూడక్కర్లేదు. ఇది మా ఆయన పెట్టిన చట్టం. "మొహం మారుతుంది, గడ్డం పెరుగుతుంది, నంబరు మారదు" అంటాడు. ఒకసారి నా జాకెట్టు నేనే అడిగితే, "స్లిప్పేదీ?" అన్నాడు మహానుభావుడు. ఇంకోసారి ఎవరిదో స్లిప్పు బస్సులో దొరికినవాడు దర్జాగా వచ్చి ఆ ప్యాంటు తొడుక్కుని వెళ్లిపోయాడు. దానికి కూడా మా ఆయన, "నంబరు సరిగ్గానే ఉంది కదా" అన్నాడు. ఈ స్లిప్పు సంగతి గుర్తుపెట్టుకోండి. తరవాత మా కొంప ముంచబోయింది ఇదే.

రెండేళ్ల కిందట ఆయనకి కడుపులో నొప్పి వచ్చింది. రాయేమో చూద్దామని స్కాను తీశారు. రాయి లేదు కానీ అడగని వస్తువొకటి కనబడింది. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసింది.

"గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఇది. కడుపులోంచి వెళ్లేచోట దీని గోడ పలచబడి ఉబ్బింది. మామూలుగా ఇరవై మిల్లీమీటర్లు ఉండాలి, మీకు నలభై నాలుగుంది. యాభై ఐదుకి చేరితే ఆపరేషన్ చేస్తాం. అంతకు ముందే కోస్తే మంచికన్నా చెడు ఎక్కువ. అందాకా కనిపెట్టుకుని ఉండాలి."

"ఈలోపల చిరిగితేనో?" అన్నాడు మా ఆయన.

"చిన్నగా ఉన్నప్పుడు సాధారణంగా చిరగదు. చిరిగితే మాత్రం మనిషి దక్కడం కష్టం" అంది ఆవిడ. ఏదీ దాచని మనిషి.

మా ఆయన జేబులోంచి టేపు తీశాడు. నలభై నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఒక వేలు, యాభై ఐదు దగ్గర ఒక వేలు పెట్టి, టేపు తిప్పి అంగుళాల వైపు చూశాడు. "అరంగుళం కూడా పూర్తిగా లేదే" అన్నాడు నాతో. ఊళ్లోవాళ్లందరికీ అరంగుళం ధారపోసిన మనిషికి చివరికి మిగిలింది కూడా అంతే.

అప్పుడు డాక్టరమ్మ సిగరెట్ల గురించి అడిగింది. రోజుకి పది అన్నాడు. నేను ఇరవై అన్నాను. ఇరవై అనే రాసుకుంది. పొగతాగే వాళ్లకి ఉబ్బు తొందరగా పెరుగుతుందని, మానితే అదే సగం మందని చెప్పింది. బయటికొచ్చాక మా ఆయన ఆస్పత్రి మెట్ల మీదే పెట్టె నలిపి చెత్తబుట్టలో పారేశాడు. నా తలమీద చెయ్యిపెట్టి, "నీమీద ఒట్టే, ఇక ముట్టను" అన్నాడు. నేనక్కడే ఏడ్చేశాను. ఏడ్చినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ తరవాత మా షాపులో కొత్త వాసన మొదలైంది. గుడ్డ కాలిన వాసన. రోజుకి ఐదారుసార్లు. వెళ్లి చూస్తే ఇస్త్రీపెట్టె కింద ఏదో ముక్క మాడి ఉండేది, మా ఆయన వెనక తలుపు దగ్గర నిలబడి చేత్తో విసురుకుంటూ, "చూసుకోలేదే, కళ్లు సరిగా ఆనడం లేదు" అనేవాడు. నేను పిచ్చిదాన్ని, అయ్యో పాపం అని కళ్లజోడు చేయించాను. వాసన ఆగలేదు. అద్దాలు సరిపోలేదేమోనని ఇంకో కళ్లజోడు చేయించాను. ముక్కు మీదొకటి, నుదుటి మీదొకటి పెట్టుకుని మరీ కాల్చేవాడు. అసలు జరిగేదేమిటంటే, వెనక సందులో సిగరెట్టు తాగి, ఆ వాసన కప్పడానికి గుడ్డ ముక్క కావాలని మాడ్చేవాడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. దాచిపెట్టడం మా ఇంట్లో ఒకరికి అలవాటు, నాకు లేదు.

అదే నెలలో డాక్టరమ్మ ఒక పరిశోధనలో చేరమంది. "కొందరికి ఈ ఉబ్బు ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, కొందరికి ఐదారు. స్కాను ఇవాళ ఎంతుందో చెబుతుంది గానీ ఎంత తొందరగా పెరుగుతుందో ముందే చెప్పదు. గోడ అరుగుతుంటే, లోపల గడ్డకట్టిన రక్తం కరుగుతుంటే, కొన్ని పదార్థాలు రక్తంలో కలుస్తాయి. వాటిని కొలిస్తే ముందే పసిగట్టవచ్చేమోనని చూస్తున్నాం. ఇంకా తేలలేదు. మీరు మూణ్ణెల్లకోసారి రక్తమిస్తే చాలు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "నాకర్థమైంది డాక్టరమ్మా. గుడ్డ చిరిగే ముందు పోగులు రాలతాయి. పైకి బాగానే ఉంటుంది, జేబు తిరగేసి చూస్తే అడుగున పోగులుంటాయి. మీరు జేబు తిరగేస్తున్నారన్నమాట."

"ఇన్నాళ్లూ ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఇకమీదట ఇలాగే చెబుతాను" అంది ఆవిడ. ఆ ఒక్క మాటకి మా ఆయన వారం రోజులు షాపుకొచ్చిన వాళ్లందరి జేబులూ తిరగేసి చూపించాడు.

అలా ఏడుసార్లు రక్తమిచ్చాడు. ఉబ్బు మెల్లగా నలభై ఎనిమిదికి వచ్చింది. మిగిలింది పావంగుళం. నేను రోజూ పొద్దున్నే లేచి ఆ పావంగుళాన్నే తలుచుకునేదాన్ని. ఇంకేమీ అక్కర్లేదు, అది అలాగే ఉంటే చాలు అనుకునేదాన్ని.

ఇప్పుడు మా అన్నయ్య గురించి చెప్పాలి. రిటైరైన డ్రిల్లు మాస్టారు. వదిన పోయాక రెండు వీధుల అవతల మేడమీద గదిలో ఒక్కడే ఉంటాడు, భోజనం మా ఇంట్లోనే. మెళ్లో విజిల్ ఇంకా తియ్యలేదు. రోడ్డు దాటాలన్నా విజిల్ వేసి దాటుతాడు. మనిషి ఈతపుల్లలా ఉంటాడు, పొద్దున్నే ఆరు మైళ్లు నడుస్తాడు, నడవని వాళ్లందరికీ క్లాసు పీకుతాడు. ఇరవై ఏళ్లు రైలింజనులా సిగరెట్లు ఊదిన సంగతి ఆయనకి గుర్తులేదు. పదహారేళ్ల కిందట మానేసిన సంగతి మాత్రం రోజూ గుర్తు. మా ఆయన కంచం ముందు కూర్చోగానే మొదలుపెట్టేవాడు.

"చూడవయ్యా బావా, నేను మానలేదూ? ఒక్కరోజులో మానాను. మనసుండాలి!"

"అవును బావగారూ, మీది ఉక్కు మనసు" అనేవాడు మా ఆయన, గుటక మింగుతూ.

ఎనిమిదోసారి రక్తమివ్వడానికి నాలుగు రోజుల ముందు, నేను లేనప్పుడు, ఆస్పత్రి నుంచి షాపుకి ఒక కాగితం వచ్చి నేరుగా ఆయన చేతిలో పడింది. ఇకమీదట ఫలితాల నకలు ఇంటికి పంపుతారట. ఏమేం కొలుస్తారో వరసగా రాసి, ఒక్కోదాని పక్కన అదేమిటో తేలిక మాటల్లో చెప్పారు. ఆరో వరసలో, 'పొగతాగే వారి రక్తంలో కనబడే పదార్థం' అని ఉంది. మా ఆయనకి ముచ్చెమటలు పోశాయి. ఇంటికొచ్చే ప్రతి కాగితం, కిరాణా పొట్లం దగ్గర్నుంచి, నేను చదవనిదే బయటికి పోదు. డాక్టరమ్మ ప్రతిసారీ "మానెయ్యండి" అంటుంటే డాక్టర్లు అందరికీ చెప్పే మాటేలే అనుకున్నాట్ట. లోపల్నుంచి రక్తమే చాడీలు చెబుతోందని అప్పుడు తెలిసింది.

ఒట్టేసి తప్పినవాడు చేయాల్సిందేమిటి? నా దగ్గరికొచ్చి, తప్పయిపోయిందే అనాలి. ఏదో నాలుగు తిట్లు తిని ఊరుకోవాలి. ఆయన అది చెయ్యలేదు. ముప్పై ఆరేళ్లు స్లిప్పులు చించిన బుర్ర కదా, దాని తోవలోనే అది పోయింది. రక్తానికి ఆస్పత్రివాళ్లిచ్చే స్లిప్పు మీద కూడా నంబరే కదా ఉండేది, మనిషెవడైతేనేం అనుకున్నాడు. టేపు మెళ్లో వేసుకుని మా అన్నయ్య గదికి వెళ్లాడు.

"బావగారూ, ఆస్పత్రివాళ్లు పోలిక కోసం ఒక సంపూర్ణ ఆరోగ్యవంతుడి రక్తం కావాలంటున్నారు. ఈ చుట్టుపక్కల అలాంటి మనిషి ఎవరా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను."

"ఇందులో ఆలోచించడానికేముందయ్యా?" అన్నాడు మా అన్నయ్య, ఛాతీ విరిచి.

"మీ చెల్లెలికి మాత్రం చెప్పకండి. వయసైంది, రక్తం తీయించుకోవద్దని అడ్డుపడుతుంది."

"ఆడవాళ్లకేం తెలుసు!" అన్నాడు మా అన్నయ్య. ఈ మాట ఆయన అన్నాడని కూడా నాకు తరవాత తెలిసింది, దానికి వేరే లెక్క ఉంది.

రక్తం తీసే గదిలో ఆరోజు జనం కిటకిటలాడుతున్నారట. నర్సు కొత్తమ్మాయి. నంబరు పిలిచింది. మా అన్నయ్య స్కూల్లో హాజరు పలికినట్టు లేచి నిలబడి, "ఉన్నానండీ!" అన్నాడు. స్లిప్పు చూసింది, చెయ్యి చూసింది, మొహం చూసే తీరిక లేదు. మూడు చిన్న సీసాలు నింపి మా ఆయన నంబరు అంటించింది. ఆ మర్నాటి నుంచి మా అన్నయ్య ఇంకో మైలు ఎక్కువ నడవడం మొదలుపెట్టాడు. భోజనం దగ్గర, "అమ్మాయ్, నా గురించి త్వరలో ఒక మాట వింటావు" అని నవ్వేవాడు. నేను ఏదో సన్మానం కాబోలు అనుకున్నాను.

పది రోజులకి ఆస్పత్రి నుంచి ఫోను. వెంటనే రమ్మన్నారు, ఇంట్లోవాళ్లని కూడా తీసుకురమ్మన్నారు. షాపుకి తాళం పెట్టి పరిగెత్తాం.

డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని, "మొదట మంచి మాట చెబుతాను. ఈసారి మీ రక్తంలో పొగాకు జాడే లేదు. మొట్టమొదటిసారి! మానడమెంత కష్టమో నాకు తెలుసు, చాలా సంతోషం" అంది.

నేను గర్వంగా తలూపాను. సగం ఊపి ఆగాను.

"మొట్టమొదటిసారంటే?"

"అంతకుముందు ఏడుసార్లూ ఉంది కదమ్మా. ఈయనకి చెబుతూనే ఉన్నాను."

"రెండేళ్ల కిందటే మానేశాడండీ. నామీద ఒట్టేశాడు."

ఆవిడ మా ఆయన వంక చూసింది. నేనూ చూశాను. ఆయన గోడమీద మూత్రపిండం బొమ్మని రేపు పరీక్ష ఉన్నవాడిలా చదువుతున్నాడు.

"ఏమండీ."

"ఊఁ."

"షాపులో ఆ గుడ్డ కాలిన వాసన..."

"ఊఁ."

"రెండు కళ్లజోళ్లు చేయించానే!"

"అసలు నాకు చూపు బాగానే ఉందే" అన్నాడు, నేల వంక చూస్తూ.

నేను నిప్పులు చెరగడానికి లేచాను. ఆస్పత్రని కూడా చూడను, ఎవరున్నారని కూడా చూడను, ఆ విషయంలో నాకు మొహమాటం లేదు. అంతలో డాక్టరమ్మ, "కూర్చోండమ్మా. రెండో మాట అంత మంచిది కాదు" అంది.

కూర్చున్నాను.

"గడ్డకట్టిన రక్తం కరిగినప్పుడు వచ్చే పదార్థం క్రితంసారికి నాలుగింతలైంది. గోడ అరిగితే వచ్చేవి కూడా పెరిగాయి. రక్తం ఒక్కటే చూసి ఏదీ ఖాయం చేసుకోకూడదు. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా పెరగొచ్చు. కానీ కడుపులో ఇలాంటిది పెట్టుకున్న మనిషికి ఒక్కసారిగా ఇంత పెరిగితే నేను ఊరుకోలేను. ఇప్పుడే స్కాను తీయాలి."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. పావంగుళం, పావంగుళం అని చెవుల్లో ఒకటే మోత. ఆయన చెయ్యి పట్టుకున్నాను. "సిగరెట్లూ వద్దు, తిట్లూ వద్దు, మీరుంటే చాలు" అన్నాను. అన్నానండీ, ఆ మాట నా నోటితోనే అన్నాను. ఆయన నా చెయ్యి నిమిరి, "ఏం కాదులేవే, నువ్వు ఊరికే కంగారుపడకు" అన్నాడు. స్కాను బల్ల మీద కూడా కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు. అబ్బ, ఈ మనిషికి ఎంత గుండె ధైర్యం అనుకున్నాను. ధైర్యమా పాడా! అది తన రక్తం కాదని తెలుసు కదా!

డాక్టరమ్మ కడుపు మీద చల్లటి జిగురు రాసి, యంత్రం అటూ ఇటూ జరిపి, రెండుసార్లు కొలిచింది. "నలభై ఎనిమిదే" అంది. "ఒక్క మిల్లీమీటరు కూడా కదల్లేదు."

నేను ఏడ్చేశాను. మా ఆయన, "నేను చెప్పలేదూ!" అన్నాడు చిరునవ్వుతో. వెధవ నవ్వు. నా భయమంతా చూస్తూ ఎలా నవ్వాడో ఇప్పటికీ అర్థం కాదు.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "మరి ఈ రక్తం ఇలా ఎందుకుంది? ఇంతకన్నా చాలా పెద్ద ఉబ్బున్న మనిషి రక్తంలా ఉంది" అని తనలో తను అనుకుంది.

అప్పుడు మా ఆయన నవ్వు ఆగిపోయింది. కాలు మీద కాలు దింపాడు. లేచి కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డాక్టరమ్మా, ఆ రక్తం నాది కాదండీ."

"మీది కాకపోతే ఎవరిది?"

"మా బావగారిది. వీళ్లన్నయ్యది."

"మా అన్నయ్య రక్తం మీ ఒంట్లోకి ఎలా వచ్చిందండీ?" అన్నాను నేను. అంత గందరగోళంలో అదే తోచింది.

"ఒంట్లోకి రాలేదే, సీసాలోకి వచ్చింది. స్లిప్పు ఆయన చేతికిచ్చి పంపాను. మన షాపులో ఇస్తాం చూడు, అలాగే. సిగరెట్ల సంగతి నీకు తెలిసిపోతుందని..." అని మాట పూర్తిచేయలేక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆయన ఏడు మైళ్లు నడుస్తున్నాడే. నా మాట నమ్మి ఇంకో మైలు ఎక్కువ నడుస్తున్నాడే."

డాక్టరమ్మ కలం కిందపెట్టింది. "మీరు నా రెండేళ్ల పనిలో మన్ను పోశారు. దాని సంగతి తరవాత చూద్దాం. ఆయనెక్కడున్నాడు? నడిపించకండి, టాక్సీలో తీసుకురండి."

మా ఆయన కడుపు మీద జిగురు తుడుచుకోకుండానే చొక్కా వేసుకుని పరిగెత్తాడు. పై గుండీ రెండో కాజాలో, రెండోది మూడో కాజాలో. మూడున్నర దశాబ్దాలు వందలమందికి చొక్కాలు కుట్టిన మనిషి అలా రోడ్డు వెంట పోవడం చూసి, తిట్టాలో నవ్వాలో తెలియక ఆయన వెనకే నేనూ పరిగెత్తాను.

మా అన్నయ్య మేడమీద చేతులు చాచి కసరత్తు చేస్తున్నాడు. మా ఆయన రొప్పుతూనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. సిగరెట్లు, ఒట్టు, స్లిప్పు, అన్నీ. ఈసారి ఒక్క పోగు దాచలేదు. మా అన్నయ్య ఒంటికాలి మీద లేస్తాడనుకున్నాను. లేవలేదు. వేలాడిపోయాడు.

"అంటే, పోలిక కోసం నా రక్తం ఎవరూ అడగలేదా?"

"లేదు బావగారూ."

"ఆరోగ్యవంతుడు కావాలని అనలేదా?"

"నేనే కల్పించాను."

"అయితే నేను రాను" అన్నాడు మా అన్నయ్య. "నాకేం రోగం? తప్పుడు నంబరు అంటించినవాళ్లు తప్పుడు లెక్క కట్టలేదని నమ్మకమేమిటి? రోజూ ఏడు మైళ్లు నడుస్తున్నాను. పోండి!" విజిల్ కూడా వేశాడు.

నేను బతిమాలాను, ఏడ్చాను, చచ్చిపోయిన వదినని అడ్డం పెట్టి అడిగాను. కొయ్యలా నిలబడ్డాడు. అప్పుడు మా ఆయన మెళ్లోంచి టేపు తీసి, కళ్లు తుడుచుకుని, షాపులో గొంతుతో, "సార్, తిన్నగా నిలబడండి" అన్నాడు.

ఎంతటి మగవాడైనా టైలరు టేపు తీసి నిలబడమంటే నిలబడతాడు. అది నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. మా అన్నయ్య అలవాటుగా చేతులు కాస్త ఎత్తి తిన్నగా నిలబడ్డాడు. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని, బనీను పైకి జరిపి, బొడ్డు మీదుగా టేపు చుట్టి, లాగకుండా రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "ఊపిరి బిగబట్టండి బావగారూ" అన్నాడు.

అన్నయ్య బిగబట్టాడు. ముగ్గురం టేపు వంక చూశాం. ఊపిరి ఆగింది కానీ టేపు ఆగలేదు. పైకి లేస్తోంది, పడుతోంది, లేస్తోంది, పడుతోంది. లోపలి ఉబ్బు గుండెతో పాటు కొట్టుకుంటుంటే, ముప్పై అంకె బొడ్డు మీద టక్కుటక్కుమని ఎగురుతోంది.

"ఇది ఎప్పటినుంచి?" అంది నా గొంతు.

"మూణ్ణెల్లుగా. పడుకున్నప్పుడు బాగా తెలుస్తుంది" అన్నాడు మా అన్నయ్య నెమ్మదిగా. "నడక వల్ల జీర్ణశక్తి పెరిగిందనుకున్నాను."

మారుమాట లేకుండా చెప్పులేసుకున్నాడు. టాక్సీలో మా ఆయన ఆయన చెయ్యి వదల్లేదు.

అన్నయ్యది అరవై మూడు మిల్లీమీటర్లు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాం. నేను మా ఆయనతో మాట్లాడలేదు. రెండు గంటలయ్యాక ఆయనే మొదలుపెట్టాడు.

"మానాలని రోజూ అనుకున్నానే. మిషను తొక్కుతుంటే ఆ ఉబ్బు గుర్తొచ్చేది. భయమేసేది. భయమేస్తే తాగాలనిపించేది. తాగితే ఇంకా భయమేసేది."

"భయమేస్తే నాతో చెప్పాలి గానీ గుడ్డలు కాలుస్తారా?"

"చెబితే నీకూ భయమేస్తుందని."

"నాకు వేయడం లేదనుకున్నారా? పొద్దున్న లేస్తే మీ పావంగుళమే కదా నా కళ్లముందు! మీరు ఇస్త్రీబల్ల దగ్గర తాగారు, నేను వంటింట్లో ఏడ్చాను. ఇద్దరం ఒక్కచోట కూర్చుని భయపడి ఉంటే ఏం పోయేది?"

అంతకన్నా ఎక్కువే అన్నాను. అక్కడున్న వాళ్లంతా విన్నారు, విననీ. ఆ తరవాత ఆయన భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఆ జిగురు చొక్కా ఇంకా మార్చుకోలేదు, గుండీలు అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటే విప్పి సరిగా పెట్టాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజుకి అన్నయ్య మాట్లాడాడు. మా ఆయన మంచం పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు.

"బావా, నిజం చెప్పి అడిగి ఉంటే నేను సూది దరిదాపులకి కూడా వచ్చేవాణ్ణి కాదు" అన్నాడు అన్నయ్య. "నిన్ను తన్నాలో దండం పెట్టాలో తెలియడం లేదు. కుట్లు ఆరాక ఆలోచిస్తాను." అని విజిల్ నోట్లో పెట్టుకుని చిన్నగా ఊదాడు. వార్డులో ఆరుగురు ఉలిక్కిపడ్డారు. నర్సు పరిగెత్తుకొచ్చి విజిల్ లాక్కుని, ఒక చీటీ మీద నంబరేసి చేతికిచ్చింది. వెళ్లేటప్పుడు ఈ స్లిప్పు చూపిస్తేనే ఇస్తానంది.

ఈ సంగతి వీధిలో పాకిపోయి, 'రక్తం చూసి చెప్పేస్తార్ట' అని జనం ఆస్పత్రికి ఎగబడబోతే డాక్టరమ్మ మా ఇద్దర్నీ పిలిచి చీవాట్లు పెట్టింది. "రక్తం అనుమానం పుట్టించింది. చూపించింది స్కాను. ఇంకా ఎంతమందిని చూస్తే గానీ రక్తం మాట నమ్మొచ్చో లేదో తేలదు. ఊళ్లో కథలు చెప్పకండి" అంది. ఎనిమిదో రక్తాన్ని లెక్కలోంచి కొట్టేసింది. మా ఆయన్ని కూడా తీసేస్తుందనుకున్నాం. "ఇంకొక్కసారి ఇలాంటి పని చేస్తే నేనే మీకు కత్తెరేస్తాను" అని వదిలేసింది.

మా ఆయన అప్పటినుంచి మానేశాడు. ఒట్టేయబోతే నేనే వద్దన్నాను. తాగాలనిపించినప్పుడల్లా వచ్చి, "ఏమేవ్, భయమేస్తోంది" అనేవాడు. నేను కాజా పక్కన పెట్టి ఆయన పక్కన కూర్చునేదాన్ని. మొదటి వారంలో రోజుకి ఇరవైసార్లు వచ్చాడు, నా పనంతా గంగలో కలిసింది. మనిషికి చెయ్యి నిలకడ తప్పి ఆ నెలంతా అందరి బట్టలూ అరంగుళానికి బదులు అంగుళం లూజు కుట్టాడు. షాపు చట్టం కూడా మారింది. స్లిప్పు తెచ్చినవాడి మొహం వంక పావుగంట చూస్తున్నాడు. పాతికేళ్ల కస్టమరుని కూడా, "కాస్త వెలుతుర్లోకి రండి సార్" అంటున్నాడు.

మూణ్ణెల్లయ్యాక మళ్లీ రక్తమిచ్చే రోజు వచ్చింది. ఈసారి నేనూ వెళ్లాను. సూది గుచ్చుతుంటే ఆయన కళ్లు మూసుకున్నాడు, నేను రెప్ప వేయలేదు. సీసాలకి అంటించిన నంబరు రెండుసార్లు చదివాను. ఆ నర్సమ్మాయి కూడా ఆయన మొహం వంక బాగా చూసింది.

పది రోజులకి షాపుకి ఫోనొచ్చింది. మా ఆయన అందరికీ వినబడేలా పెట్టి, మిషను మీద ఉంచాడు.

"ఫలితాలొచ్చాయి" అంది డాక్టరమ్మ. "పోగులు రాలడం లేదు, అన్నీ క్రితంసారి మీవి ఉన్నట్టే ఉన్నాయి. ఇంకోటి, పొగాకు జాడ లేదు. బొత్తిగా లేదు." కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. "ఈసారి నిజం చెప్పండి. ఇది ఎవరి రక్తం?"

మా ఆయన ఫోను వంక చూశాడు. నా వంక చూశాడు. నేను సూది గుండీలోనే వదిలేసి ఫోను దగ్గరికి వంగాను.

"మా ఆయనదే డాక్టరమ్మా" అన్నాను. "నేను పక్కనే కూర్చున్నాను."